రాజమహేంద్రవర సభలో ఇద్దరు వక్తలు

మన పిల్లలు ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పమంటే వెనుదీయరు. దుబాయి, షార్జా బడులలో ఆ అలవాటు వారికి చిన్ననాడే అబ్బుతున్నది. ఆ పిల్లలే ఉత్సవ వేదిక ఎక్కి తెలుగులో మాట్లాడవలసి వస్తే, కంఠస్థం చేసినది అప్పజెప్పి దిగిపోతారు. నడుమ ఒక్క మాట మరచిపోతే నోరు పెగలదు. తాతగారి కాలంలోనే ఊరు దాటిన కుటుంబం మాది. సగం తెలుగు సాయంకాలపు తరగతిలో నేర్చుకున్నాను గనుక ఈ భయం నేనెరుగుదును. అందుకే ఒక పాత సభను గురించి చెప్ప సాహసిస్తున్నాను.

1905లో బెంగాలును విభజించినప్పుడు స్వదేశీ ఉద్యమం లేచింది. ఆ ప్రచారానికై 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ ఆంధ్రదేశానికి వచ్చారు. ముట్నూరి కృష్ణారావుగారు వెంట ఉండి పర్యటన నడిపించారు. పాల్ మహావక్త, సందేహం లేదు. అయితే ఆయన మాట్లాడినది ఇంగ్లీషు. రాజమహేంద్రవరంలో ఆ ఉపన్యాసాలను సభకు తెలుగు చేసి వినిపించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు.

1867లో పుట్టిన చిలకమర్తివారు బడిపంతులు (మా వృత్తివారని చెప్పుకోవడం నాకు గర్వమే!). చిన్ననాటి నుండి రేచీకటి. పోను పోను చూపు పూర్తిగా పోయింది. కాగితం చూసి చదివే సౌకర్యం లేనివారికి చెవి, జ్ఞాపకం రెండే ఆస్తి. ఆ రెండూ అనువక్తకు కావలసినవే. విన్నది మనసులో నిలుపుకోవాలి, మాటకు మాట వెతకక భావాన్ని పట్టుకోవాలి, ఎదుట కూర్చున్నవారి నుడికారంలో దానిని తిరిగి పలకాలి. ఆ సభలో ఆయన అనువాదంతో ఆగలేదు. భరతఖండాన్ని పాడియావుగా, మనలను ఆకలిగొన్న లేగదూడలుగా, తెల్లవారిని గడుసు గొల్లలుగా చెప్పే పద్యమొకటి ఆశువుగా చదివారు. పాడి ఎరిగిన గోదావరి సీమలో దానికి వ్యాఖ్యానం ఎవరికి కావాలి? పాల్ ఉపన్యాసంలోని వాక్యాలు నేడెందరికి గుర్తున్నాయో గాని, ఆ పద్యం మాత్రం తెలుగునాట ఇప్పటికీ నోట నోట ఉంది.

ఫలితం వెంటనే కనిపించింది. విద్యార్థులు వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు వెళ్ళారు. ట్రెయినింగు కళాశాల నుండి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని వెళ్ళగొట్టారు. మరుసటి ఏడు, 1908లో, ‘స్వరాజ్య’ పత్రికలోని వ్రాతకు ఆయన జైలు పాలయ్యారు.

ఇంగ్లీషు చదువు ఇందుకు అడ్డమని నేననను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఎడింబరోలో చదివి వచ్చినవారు. 1921లో చీరాల-పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నులకు ఎదురుతిరిగి, ఆయన మాట మీద ఇళ్ళు వదలి, ఊరి వెలుపల పాకలు వేసుకొని నెలల తరబడి ఉన్నారు. ఆయన వారితో మాట్లాడినది పాటలతో, జానపద కళలతో.

మా సాయంకాలపు తరగతిలో ఇప్పుడు కాగితాలు మానిపించాను. పిల్లలు ఇంగ్లీషులో ఒక కథ వింటారు. వెంటనే దానిని తెలుగులో చెప్పాలి. వినడానికి ఒక అమ్మమ్మగారిని కూర్చోబెడతాము. ఆమె “ఏమిటి నాయనా, మళ్ళీ చెప్పు” అంటే అదే మాట గట్టిగా అనరాదు, వేరొక మాట వెతకాలి.