ఔషధజన్యమైన ప్రేమ: రిచర్డ్ ఆల్పర్ట్ వృత్తాంతం

పతంజలి మహర్షి కైవల్యపాదారంభంలో సిద్ధులకు ఐదు హేతువులను నిర్దేశించారు. జన్మ, మంత్రం, తపస్సు, సమాధి అనే వాటితో పాటు ఔషధానికి కూడా ఆ పంక్తిలో స్థానమిచ్చారు. ఔషధం వలన కలిగే చిత్తవికాసం మిథ్య అని ఆయన అనలేదు. కొద్ది సూత్రాల అనంతరం మాత్రం, ధ్యానజనితమైన చిత్తమొక్కటే ఆశయరహితమని తేల్చారు. ఆశయమంటే వాసనల నిక్షేపం. తక్కిన మార్గాలలో ఆ నిక్షేపం చెక్కుచెదరక నిలిచే ఉంటుందని భావం. ఈ సూత్రాలకు ఇరవయ్యవ శతాబ్దపు అమెరికాలో ఒక మనోవిజ్ఞానాచార్యుని జీవితం సజీవవ్యాఖ్యానంగా నిలిచింది.

రిచర్డ్ ఆల్పర్ట్ 1931లో జన్మించారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు. విద్య, ధనం, పదవి అన్నీ ఉన్నా అంతరంగంలో శూన్యం ఉండేదని ఆయనే వ్రాసుకున్నారు. 1961 మార్చి మాసంలో సహోద్యోగి తిమోతీ లియరీ గృహంలో మొదటిసారి సైలోసైబిన్ సేవించారు. ఆచార్యుడు, పండితుడు, పుత్రుడు అనే ఉపాధులు ఒక్కొక్కటిగా తొలగిపోయి సాక్షిమాత్రం మిగిలినట్లు తోచింది. ఆ ఆనందంలో, హిమపాతం నడుమ సమీపంలోనే ఉన్న తల్లిదండ్రుల ఇంటికి వెళ్లి, తెల్లవారకముందే వాకిట మంచు ఎత్తిపోయసాగారు. వారు కిటికీలోంచి చూసి, ఈ వేళ ఇదేమి పిచ్చి అని మందలించారు. ఆయన నవ్వి తన పని కొనసాగించారు. ఇచ్చట కాస్త ఆగి చూడాలి. ప్రేమ ఉప్పొంగుతున్నది ఒకవైపే. కిటికీ వెనుక ఉన్న వృద్ధులకు అందినది ఆందోళన మాత్రమే.

ఒక విద్యార్థికి ఆ ద్రవ్యం ఇచ్చారన్న కారణంతో 1963లో విశ్వవిద్యాలయం ఆయనను తొలగించింది. ఆయనకు అసలు క్లేశం అది కాదు, అవరోహణం. ఎంత ఎత్తుకు ఎగసినా దిగిరాక తప్పడం లేదు. కొందరు మిత్రులతో కలిసి మూడు వారాలు ఒక ఇంట్లో బంధించుకొని, నాలుగు గంటలకొకసారి 400 మైక్రోగ్రాముల చొప్పున ఎల్.ఎస్.డి. సేవించారు. బయటకు వచ్చిన కొద్ది దినాలకే పూర్వస్థితి. రాగద్వేషాలు, విషాదం ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇదే బృందంలోని రాల్ఫ్ మెట్జ్‌నర్ తరువాతి కాలంలో ఎం.డి.ఎం.ఏ. వంటి ద్రవ్యాలకు 'సహానుభూతిజనకాలు' అనే అర్థం గల పేరును ప్రచారంలోకి తెచ్చారు. పేరు అందంగానే ఉంది. ఆ ద్రవ్యం మెదడులోని సెరోటోనిన్‌ను ఒక్కసారిగా వెలువరిస్తుంది. అపరిచితుడు కూడా ఆత్మబంధువుగా తోస్తాడు. తరువాతి దినాలలో పలువురికి నిరుత్సాహం ఆవరిస్తుంది. రేపటి ఆప్యాయతను ఈ రాత్రికే అప్పు తెచ్చుకోవడం వంటిది. 1985లో అమెరికా దానిని నిషేధించింది.

ఆల్పర్ట్ 1967లో భారతదేశానికి వచ్చారు. హిమాలయ సానువులలో నీమ్ కరోలీ బాబా సన్నిధికి చేరడానికి ముందురాత్రి, ఆరుబయట నక్షత్రాల కింద నిలబడి, ప్లీహవ్యాధితో మరణించిన తల్లిని స్మరించారు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. మరునాడు బాబా ఆ నక్షత్రాలను, తల్లిని, ప్లీహాన్ని పేర్కొన్నారు. ఆల్పర్ట్ భోరున విలపించారు. దుఃఖం కాదు, ఆనందమూ కాదు, ఇల్లు చేరినట్లు అనిపించిందని వ్రాశారు. దీనిని మహిమగా మాత్రమే చూసే వారున్నారు. నాకు మహిమకంటె ఆ కన్నీరే ముఖ్యం. ఏళ్ల తరబడి మాత్రలు విప్పలేని ముడిని, తన మాతృశోకాన్ని మరొకరు ఎరుగుదురన్న స్పృహ విప్పింది.

బాబా ఆయన వద్దనున్న ఎల్.ఎస్.డి. మాత్రలు మూడింటిని అడిగి మింగారనీ, ఏ వికారమూ కనబడలేదనీ ఆల్పర్ట్ కథనం. ఈ ఔషధం మహాత్ముని దర్శనం కొద్దిసేపు ఇవ్వగలదు కాని అచ్చట నివాసం ఇవ్వలేదన్న అర్థంలో బాబా తరువాత పలికారట. దర్శనానికీ నివాసానికీ గల ఈ భేదం పతంజలి సూత్రానికి ఎంత దగ్గరగా ఉన్నదో జిజ్ఞాసువులు గమనింతురు గాక.

రామదాసు అనే నామంతో ఆయన స్వదేశానికి మరలారు. ఆ ద్రవ్యాలను ఆయన ఎన్నడూ దూషించలేదు, అరుదుగా సేవించారు కూడా. ఈ సత్యాన్ని దాచి ఆయనను నిషేధప్రచారకునిగా చిత్రించడం అనుచితం. ఆయన దినచర్య మాత్రం వేరొక దిక్కుకు మళ్లింది. 1978లో సేవా ఫౌండేషన్ స్థాపకులలో ఒకరైనారు, మరణాసన్నుల చెంత కూర్చున్నారు. ఒకనాడు కిటికీలోంచి మందలించిన తండ్రికి అంత్యకాలంలో పరిచర్య చేశారు. 1997లో పక్షవాతం సోకి వాక్కు తడబడింది, నడక పోయింది. స్నానానికీ భోజనానికీ ఇతరుల చేతులు కావలసి వచ్చాయి. అడగడం, స్వీకరించడం ఇచ్చుటకంటె కఠినమని ఆ దశలో నేర్చుకున్నారు. 2019 డిసెంబరులో మౌవీ ద్వీపంలో దేహం చాలించేదాకా, ఆ కుర్చీలోనే కూర్చొని, వచ్చిన వారి కన్నులలోకి చూస్తూ, మాట దొరికేదాకా మౌనంగా వేచి ఉండేవారు.