చిత్రశిల్పకళాశాలలును మన కులవిద్యయును

క్రీ.శ. 1834వ సంవత్సరమున లండను నగరమునందలి రాయల్ ఏషియాటిక్ సొసైటీవారు హిందువుల వాస్తువిద్యను గూర్చి రామరాజను దాక్షిణాత్యుఁడు ఆంగ్లమున రచించిన గ్రంథమును బ్రకటించిరి. గ్రంథకర్త యప్పటికే కీర్తిశేషుఁడు. మానసారాది శిల్పశాస్త్రముల వ్రాతప్రతులను సేకరించి వాని యర్థము నిర్ణయింపఁ బూనినపు డాతనికిఁ గలిగిన చిక్కు మన కులమువారందఱును దెలిసికొనఁదగినది. భాష వచ్చిన పండితులకుఁ బారిభాషికపదముల మర్మము తెలియదు. తుదకుఁ దంజావూరి కమ్మాలశిల్పి యొకఁడు లభింపఁగా నాతని సాయమున నా పదముల ముడి వీడెను.

మేమును సంస్కృతము చదివినవారమే. నలువదియేండ్ల క్రిందట శిల్పగ్రంథ మొకటి చేతఁబట్టి యుపపీఠమునకును నధిష్ఠానమునకును భేదమేమో తెలియక నిఘంటువులన్నియుఁ దిరుగవేసితిమి. ఆళ్ళగడ్డలో రాతిపని చేయు వృద్ధుఁ డొకఁడు సుద్దముక్కతో నేలమీఁద నాలుగు గీఁతలు గీచి చూపెను. అంతటితో సందేహము తీఱెను. ఆ దినమున మా చదువు మాకుఁ గొంత చిన్నదిగాఁ గనఁబడిన దని యొప్పుకొనుటకు మాకు సిగ్గు లేదు.

ఇట్లు శాస్త్ర మొకచోటను హస్త మొకచోటను నుండిన దేశమున మూఁడవది యొకటి వచ్చి చేరినది. అది యాంగ్లప్రభుత్వకాలపు ఆర్టుస్కూలు. మన పిల్లలను జిత్రశిల్పములు నేర్చుటకుఁ గళాశాలకుఁ బంపవచ్చునా యని యెవరైన నడిగినచో మనవారు వెంటనే వలదనుచున్నారు. ఆ పాఠశాలల చరిత్రము తెలియకయే వలదనుచున్నారని మా యభిప్రాయము.

1850లో అలెగ్జాండరు హంటరను వైద్యుఁడు చెన్నపట్టణమున నొక చిత్రకళాపాఠశాలను దన పూనికతో స్థాపించెను. కొలఁది వత్సరములలో నది ప్రభుత్వాధీనమయ్యెను. 1854లోఁ గలకత్తాయందును, 1857లో బొంబాయియందును నిట్టివే వెలసెను. బొంబాయి పాఠశాలకు మూలము సర్ జంషెట్జీ జీజీభాయి యిచ్చిన లక్షరూపాయల విరాళము. (మన మహారాజపోషకు లీ సంగతిని గమనింపవలెను.) 1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమున భారతీయుల నేఁతయు లోహపుపనియుఁ జూచి పాశ్చాత్యు లాశ్చర్యపడిరి, కాని వారి యంత్రములే యా పనివారి జీవనమును గూలఁద్రోయుచుండెను. కులవృత్తులవారిని బాగుచేయుటయే యీ పాఠశాలల యుద్దేశములలో నొకటి యని చెప్పఁబడినది.

బాగుచేయు పద్ధతి యెట్లుండెను? లండనులోని సౌత్ కెన్సింగ్‌టన్ పద్ధతి యది. బాలుఁడు ముందు అచ్చుకాగితములలోని గీఁతలను జూచి గీయవలెను. పిదప ఘనరూపములకు వెలుఁగునీడలు దిద్దవలెను. అటుపిమ్మట గ్రీకుప్రతిమల ప్లాస్టరు నకళ్ల నెదుటఁ బెట్టుకొని రోజులతరబడి వ్రాయవలెను. ఇది చెడ్డవిద్య యని మే మనము. ఉన్నదాని నున్నట్లు గీయఁగలుగుట గొప్పశక్తియే. కాని యింట నా బాలుఁడు నేర్చుచుండినది వేఱు. శిల్పి తన కొడుకునకుఁ బ్రతిమను జూచి గీయుమని చెప్పఁడు. ముందు కొలఁత చెప్పును. నవతాళమనఁగాఁ దొమ్మిది తాళములు. తాళమునకుఁ బండ్రెండంగుళముల చొప్పున నూటయెనిమిది యంగుళములు. ముఖ మింత, కంఠ మింత, మోకా లింత. నడుమ బ్రహ్మసూత్రము లాగి దాని కిరువైపుల రూపమును నిలుపును. కన్ను చూచినదానిని జేయి గీయుట యొకటి, మనస్సున నిలిచిన కొలఁత రాతిలో వెలువడుట మఱియొకటి. ఈ రెంటికిని సంధి చెప్పువాఁ డా పాఠశాలలోను లేఁడు, మన పంచలోను లేఁడు. పైగా నచ్చటఁ జదివినవారిలోఁ బెక్కండ్రు సర్టిఫికెట్లు పుచ్చుకొని డ్రాయింగు మాస్టర్లయిరి. ఉలి పట్టువానికిఁ గావలసినది యింగ్లీషు కాదు. ఉద్యోగమునకుఁ గావలసినది యదియే.

1884లోఁ జెన్నపట్టణమునకు వచ్చిన హావెలు దొర యీ లోపమును గనిపెట్టిన కొలఁదిమందిలో నొకఁడు. అతఁడు 1896లోఁ గలకత్తాకుఁ బోయి యచ్చటి పాఠశాలలో భారతీయచిత్రములను ముందు పెట్టెను. ఆ కథ మనవారు కొంత యెఱుఁగుదురు. మనకు దగ్గఱిది వేఱొకటి కలదు.

1898లో నాల్ఫ్రెడు చాటర్టను చెన్నపట్టణపు ఆర్టుస్కూలులోనే అల్యూమినియముతోఁ బాత్రలు చేయించుట మొదలుపెట్టెను. లోహపుపనివారికిఁ గ్రొత్త జీవన మొకటి కల్పింపవలెనని యాతని తలఁపు. పాత్రలు తేలిక, వెల చౌక, త్వరలో నా పరిశ్రమ పాఠశాల గోడలు దాఁటి పెరిఁగినది. దాని ఫలము మన కంచరులయిండ్లఁ జూచినచోఁ దెలియును. మైనపుబొమ్మ చేసి, మట్టిమూస కట్టి, కంచు కరఁగించి పోసెడి త్వష్టసంతతివా రెందఱో సత్తుగిన్నెల ధాటికి మూసలు మూలఁబెట్టిరి. కళను గాపాడుటకుఁ బుట్టిన బడిలోనే కళకు నెసరు పెట్టు పొయ్యి రాఁజిన దనుట కొంత కఠినోక్తియే యైనను, మాకుఁ దోఁచినది వ్రాయుచున్నాము.

అయిన నదే కాలమున నుత్తరాపథమున జరిగిన దొకటి విన్నచో నీ కోపము కొంత చల్లారును. 1875లో లాహోరున వెలసిన మేయో పాఠశాలలో వడ్రంగుల యింటిబిడ్డ రామసింగు తొలి విద్యార్థులలో నొకఁడుగాఁ జేరెను. అచ్చటి గురువు లాక్‌వుడ్ కిప్లింగు, ఆ బాలుని చేతనున్న పనిని జెఱపక దానిపైఁ జదువును నిలిపెను. విక్టోరియారాణి యాస్‌బోరను మందిరమునందలి దర్బారుశాల యలంకారమును రూపొందించినది యీ రామసింగే. అమృతసరమునందలి ఖాల్సాకళాశాలా భవనమును నాతని రచనయే. 1910లో దాను జదివిన పాఠశాలకే యాతఁడు ప్రిన్సిపాలయ్యెను. బాడిసయుఁ జిత్రికయుఁ బట్టిన వంశము కళాశాలలోఁ జేరినచోఁ దన విద్యను బోఁగొట్టుకొను ననువారి కిదియే మా సమాధానము.

తెలుఁగుదేశపుఁ గథ సంగ్రహముగాఁ జెప్పెదము. 1910లో మచిలీపట్టణమున నాంధ్రజాతీయకళాశాల వెలసినది. ప్రమోదకుమార చటోపాధ్యాయుఁ డచ్చటఁ జిత్రలేఖనము నేర్పెను, అడివి బాపిరాజు నేర్చెను. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావునకుఁ గూల్‌డ్రే దొర ప్రోత్సాహమున బొంబాయిలోఁ జదువ వీలయ్యెను. 1925లో నిరువదియేడేండ్లకే స్ఫోటకముచే నాతఁడు గతించెను. హైదరాబాదున 1940లో మొదలైన కళాపాఠశాల కాలక్రమమునఁ గళాశాలయై, 2008లో వెలసిన జవహర్‌లాల్ నెహ్రూ వాస్తుశిల్ప లలితకళల విశ్వవిద్యాలయమున నంతర్భాగమైనది. మామల్లపురమున 1957లోను, తిరుపతిలో దేవస్థానమువారి యాదరమున 1960లోను సంప్రదాయశిల్పమునకే ప్రత్యేకవిద్యాలయము లేర్పడినవి. తిరుపతిలో రాయి, లోహము, కొయ్య, సుధ, కలంకారి యన్నియు బోధింపఁబడును. రామరాజు నాఁడు వెదకిన శాస్త్రహస్తముల కలయిక యిట్టి చోట్లఁ గొంత సిద్ధించినది.

డిజైనను విద్యను గూర్చియు నొక మాట. స్వతంత్రభారతప్రభుత్వ మాహ్వానింపఁగా నమెరికానుండి వచ్చిన ఈమ్సు దంపతులు దేశము దిరిగి 1958లో నొక నివేదిక నిచ్చిరి. వారి మెప్పును మిక్కిలిగాఁ బడసిన వస్తువు మన చెంబు. నీరు పోయుట, తలపై మోయుట, తోముట, చేతి కందుట మొదలగు వేయి యక్కఱలను దరతరములవారు సవరించి సవరించి తెచ్చిన రూప మదియని వారు వివరించిరి. ఆ నివేదిక ఫలముగా 1961లో నహమ్మదాబాదున జాతీయ డిజైను సంస్థ వెలసినది. ఆంధ్రప్రదేశమున నట్టిది 2015లో నారంభమైనది. దేశమున డిజైను చదువునకు నాందీశ్లోకము కంచరి చేసిన చెంబు! ఆ కంచరి మనుమఁ డా సంస్థ పేరైన విన్నాఁడా?

నేఁడు లలితకళాకళాశాలలోఁ జిత్రలేఖనము, శిల్పము, అప్లైడ్ ఆర్టు, ఫొటోగ్రఫీ, యానిమేషను మొదలగు శాఖలు కలవు. కంప్యూటరుతెరపై బొమ్మను నలువైపులఁ ద్రిప్పుచు దిద్దువానిని జూచితిమి. పెంబర్తి పనివాఁడు రేకును ద్రిప్పుచు గొట్టుట మాకు జ్ఞప్తికి వచ్చినది. పనిముట్టు మాఱినది, చూపు మాఱలేదు.

తండ్రులనే తప్పుపట్టుట న్యాయము కాదు. సుమారు ముప్పదియేండ్ల క్రిందట మా తరగతిలో నొక వడ్రంగి కొడుకు సంస్కృతపుఁ గాపీపుస్తకము నిండ మకరతోరణములు వ్రాసెడివాఁడు. శబ్దమంజరి రాదు, తోరణము మాత్రము తప్పులేక వచ్చును. మేము వానిని జీవాట్లు పెట్టి, తండ్రిని బిలిపించి, యీ బొమ్మలు కూడు పెట్టవని చెప్పితిమి. వాఁడు బొమ్మలు మానెను. ఇప్పుడు వానికిఁ దలుపుల దుకాణమును, కంప్యూటరుతో నడచు సి.ఎన్.సి. చెక్కడపుయంత్రమును గలవు. మొన్న నచ్చటికిఁ బోయి గడపపై మకరమును జూచి, యిది నీవు గీచినదే గదా యని యడిగితిమి. "లేదండి, మాస్టారూ, డిజైన్లు కొనుక్కుంటాము" అనెను. ఆ మకరమునకుఁ దొండము తప్పు దిక్కునఁ దిరిఁగియున్నది. అది వానికిఁ దెలియును. సవరించుట కంప్యూటరులో వానికి రాదు.

వాని కూఁతురునకు ప్రవేశపరీక్షలో మంచి స్థానము వచ్చి హైదరాబాదున శిల్పశాఖలో సీటు లభించినది. పంపవచ్చునా యని వాఁడు మమ్మే యడిగెను. ఈసారి పంపుమంటిమి. కళాశాలరుసుము కంటె మట్టి, లోహము, రంగులు, వసతి యనువాని వ్యయమే యెక్కువ. దానికై యా బాలిక చేసికొన్న దరఖాస్తు మన సభావిద్యానిధికిఁ జేరినది. నిధి నిబంధనలలో నింజనీరింగు, వైద్యము మొదలగునవి కలవు గాని చిత్రశిల్పము లను మాట లేనందున నది నిలిచియున్నది. విశ్వకర్మ పేరిట నడచు నిధి కీ మాట చేర్పవలెనని యీ మహాసభయందు మేము తీర్మానము ప్రతిపాదింపనున్నాము. పోషకులెవరైన దానిని బలపఱతురని యెదురుచూచుచున్నాము.