పటాలానికి వెళ్ళిన మన తాతలు

ఏటా ఏప్రిల్ 25న ఆస్ట్రేలియాలో ఊరూరా జనం తెల్లవారుజామునే లేచి యుద్ధ స్మారకాల దగ్గరకు చేరుకుంటారు. అది ఆంజాక్ దినం. 1915లో ఇదే రోజున ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులు టర్కీలోని గల్లిపోలీ తీరంలో దిగారు. మేముండే స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ బ్రిస్బేన్‌కు నైరుతి దిక్కున, ఇప్స్‌విచ్ నగర పరిధిలో ఉంది. ఒక పక్క గ్రీన్‌బ్యాంక్ సైనిక శిక్షణ క్షేత్రం, ఇంకో పక్క ఆంబర్లీ వైమానిక స్థావరం. కాబట్టి మా చుట్టుపక్కల సైనిక కుటుంబాలకు కొదవ లేదు. ఆ రోజు మనవలు, మునిమనవలు తాతల పతకాలను కుడివైపు రొమ్ముకు తగిలించుకుంటారు. పతకం సంపాదించినవారు ఎడమవైపు, వారి వారసులు కుడివైపు పెట్టుకోవడం ఇక్కడి ఆచారం.

ఇది చూసిన మన పిల్లలు ఇంటికొచ్చి ఒక ప్రశ్న అడుగుతారు. "మన తాతలెవరైనా యుద్ధానికి వెళ్ళారా?" చాలా ఇళ్ళలో "లేదురా, మనది వ్యవసాయ కుటుంబం" అన్న జవాబు వస్తుంది. ఆ జవాబు అన్ని ఇళ్ళకూ నిజం కాదు. మన జిల్లాల నుంచి పటాలానికి వెళ్ళినవారు వేలల్లో ఉన్నారు.

గల్లిపోలీలో మనవాళ్ళు

ముందు పిల్లలకు తెలియాల్సింది ఒకటుంది. గల్లిపోలీ ఆస్ట్రేలియన్లది మాత్రమే కాదు. ఆంజాక్ సైనికులతో పాటు భారతీయ పర్వత ఫిరంగి దళాలు అదే తీరంలో దిగాయి. కంచరగాడిదల దళాలవారు నీళ్ళు, తూటాలు, రొట్టెలు కొండల మీదికి మోశారు. ఆ పోరులో మొత్తం 15 వేలకు పైగా భారతీయులు పాల్గొన్నారని చరిత్రకారులు తేల్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షలకు పైగా, రెండవ దానిలో సుమారు 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారు.

మిలిటరీ మాధవరం

మన తెలుగునాట సైనికుల ఊరు అనగానే గుర్తొచ్చేది పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం. జనం నోట అది "మిలిటరీ మాధవరం". ఊరివారి లెక్క ప్రకారం మొదటి ప్రపంచ యుద్ధానికి అక్కడి నుంచి 90 మంది, రెండవదానికి 1,110 మంది వెళ్ళారు. ఒక్క పల్లెటూరి నుంచి! సుబేదార్ వేంపల్లి వెంకటాచలం గారి పేరు అక్కడ ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు. స్వాతంత్ర్యం తరువాత కూడా ఆ ఊరి యువకులు సైన్యంలో చేరుతూనే ఉన్నారు. అమరులైనవారి కోసం ఊళ్ళో స్మారకం కట్టుకున్నారు.

ఈ లెక్కలకు ఒక నేపథ్యం ఉంది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్ దక్షిణాది సిపాయి యుద్ధానికి పనికిరాడని నమ్మాడు. పంజాబీలు, గూర్ఖాలు, పఠాన్లే "వీరజాతులు" అన్న సిద్ధాంతం అప్పుడు బలపడింది. దాంతో 1758 నాటి మూలాలున్న మద్రాసు పదాతి దళాలు ఒక్కొక్కటే తగ్గిపోయి, 1920ల చివరికి దాదాపు రద్దయ్యాయి. మిగిలింది 1780 నుంచి ఉన్న మద్రాసు శాపర్లు, అంటే సైనిక ఇంజనీర్లు. రెండో యుద్ధం ముంచుకొచ్చాక ప్రభుత్వానికి మళ్ళీ మనవాళ్ళు కావలసి వచ్చారు. మద్రాసు రెజిమెంటును తిరిగి నిలబెట్టారు. 1944లో ఇటలీలో మందుపాతర మీద పడుకుని తోటివారిని కాపాడి ప్రాణం వదిలిన సుబేదార్ సుబ్రమణియన్ మద్రాసు శాపరే. జార్జి క్రాస్ పొందిన మొదటి భారతీయుడాయన. వీరజాతి సిద్ధాంతానికి అంతకన్నా సమాధానం ఏం కావాలి?

మా తాతయ్య, మా మామ్మ

మా తాతయ్యది మాధవరానికి దగ్గర్లోని ఒక చిన్న ఊరు. 1942లో బెంగుళూరు వెళ్ళి శాపర్లలో చేరారు. బర్మా వెళ్ళారు. యుద్ధం కథలంటే తుపాకుల కథలే అనుకునే మాకు ఆయన ఎప్పుడూ వంతెనల గురించే చెప్పేవారు. వానకు కొట్టుకుపోతే మళ్ళీ కట్టడం, లారీలు దాటుతుంటే రాత్రంతా కాపలా కాయడం. 1944 డిసెంబరులో కలేవా దగ్గర చింద్విన్ నది మీద సైనిక ఇంజనీర్లు 1,154 అడుగుల తేలియాడే బెయిలీ వంతెన వేశారని నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు తెలుసుకున్నాను. ఆ వంతెన దగ్గర తాతయ్య ఉన్నారో లేదో గాని, అలాంటి పనే ఆయన చేశారని మాత్రం తెలుసు.

ఇంటి దగ్గర మా మామ్మ చేసింది తక్కువ సేవ కాదు. 1942 ఫిబ్రవరి 19న జపాన్ విమానాలు డార్విన్ మీద బాంబులు వేస్తే, అదే సంవత్సరం ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద వేశాయి. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. నెలనెలా వచ్చే మనియార్డరుతో అత్తమామల్ని, ఇద్దరు పిల్లల్ని సాకింది. చదువు రాదు. కార్డు వస్తే బడిపంతులుగారి చేత చదివించుకునేది. తంతి వచ్చిందంటే చాలు, ఎవరింటికో తేలేదాకా వీధంతా గుండెలు చిక్కబట్టుకునేదట. ఆమెకు పతకం ఎవరూ ఇవ్వలేదు.

ఎవరి కోసం పోరాడారు?

ఈ ప్రశ్న నుంచి మనం తప్పించుకోకూడదు. ఒక పక్క క్విట్ ఇండియా ఉద్యమం నడుస్తుంటే మన తాతలు తెల్లదొర సైన్యంలో చేరారు కదా అని కొందరు అంటారు. మా తాతయ్య దీనికి డొంకతిరుగుడు లేకుండా జవాబు చెప్పేవారు. "పొలం లేదు, జీతం ఉంది, వెళ్ళాను." చాలామంది సంగతి అంతే. అయినా వెళ్ళాక పక్కవాణ్ణి వదిలి పారిపోలేదు. 1942లో సింగపూరు పతనమైనప్పుడు భారతీయులు, ఆస్ట్రేలియన్లు కలిసే బందీలయ్యారు. బందీలైన మనవాళ్ళలో కొందరు ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. చేరని వేలమందిని న్యూగినీ వైపు దీవులకు తరలించి కూలీ చేయించారు. 1945లో బతికి ఉన్నవారిని విడిపించింది ఆస్ట్రేలియా సైన్యం. 1947 తరువాత స్వతంత్ర భారతదేశాన్ని కాపాడిన సైన్యం ఈ సిపాయిలతోనే మొదలైంది. ఇందులో ఏ ఒక్కరి త్యాగాన్నీ తూకం వేసే అధికారం మనకు లేదు.

నంబర్లుగా మిగిలినవారు

ఇరాక్‌లోని బస్రా స్మారకం 40 వేలకు పైగా సైనికులది. బ్రిటిష్ సైనికులకు పేర్లు చెక్కారు. భారతీయులలో అధికారుల పేర్లు చెక్కి, సామాన్య సిపాయిలను దళం పేరు కింద ఒక సంఖ్యగా రాశారు. స్మారకాల విషయంలో ఇలాంటి వివక్ష జరిగిందని కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘం 2021లో తన నివేదికలో ఒప్పుకుంది. రాయి మీద లేని పేరును ఇంట్లోనైనా నిలబెట్టడం మన బాధ్యత.

అందుకు చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు పాత ట్రంకుపెట్టె తెరవండి. డిశ్చార్జి పుస్తకం, పించను కాగితం ఉంటే ఫోటో తీయండి. పతకాలు దొరికితే చింతపండుతో తోమేయకండి. భారతీయ సిపాయిలకిచ్చిన పతకాల అంచు మీద సాధారణంగా నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. తోమితే అవి అరిగిపోతాయి. ఆ నంబరే అసలైన ఆధారం. తిరిగి రానివారి వివరాలు కామన్‌వెల్త్ సమాధుల సంఘం జాబితాలో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. తిరిగి వచ్చినవారి గురించి బెంగుళూరులోని మద్రాసు ఇంజనీర్ గ్రూపుకు, వెల్లింగ్టన్‌లోని మద్రాసు రెజిమెంటుకు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి నంబరుతో సహా రాసి చూడవచ్చు. అన్నిటికన్నా ముందు, ఇంట్లో ఎనభై దాటిన పెద్దలు చెప్పేది రికార్డు చేయండి. ఆ తరం సైనికులు దాదాపు అందరూ వెళ్ళిపోయారు. వాళ్ళ మాటలు విన్న పిల్లలే ఇప్పుడు ముసలివాళ్ళు.

వచ్చే ఏప్రిల్ 25న మన పిల్లలు కూడా తాతల పతకాలు కుడివైపు పెట్టుకుని నలుగురితో పాటు నిలబడాలి. పతకం లేకపోతే ఒక కాగితం మీద తాతయ్య పేరు, ఊరి పేరు, పటాలం పేరు రాసి జేబుకు తగిలించండి. కింద నాయనమ్మ పేరు కూడా రాయండి.