ధాత కరవునాటి కాలువ

మైలాపూరు వెనుకగా నల్లగా సాగు బకింగుహాము కాలువను దాటి మనవారనేకులు నిత్యము పనులకు పోవుచుందురు. ముక్కు మూసికొనియే పోవుదురు గాని, ఆ జలమార్గము ఉత్తరమున కృష్ణా గోదావరీ కాలువలతో కలిసి కాకినాడ వరకు పోవుననియు, అందు కొంత భాగమును ఒంగోలు సీమ క్షుద్బాధితులు త్రవ్విరనియు ఎందరికి తెలియును?

1876లో, ధాత నామ సంవత్సరమున, చెన్నరాజధానిలో కరవు పుట్టెను. తమిళులు నేటికిని దానిని 'తాదు వరుష పంజము' అందురు. 1878 వరకు అది తెరపి నీయలేదు. ప్రభుత్వమువారు కరవు పనిగా కాలువ త్రవ్వించిరి. ఒంగోలులో నుండిన అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌగారు యౌవనమున భూముల సర్వే పని చేసినవారు. ఆయన మూడున్నర మైళ్ళ కాలువకు కంట్రాక్టు పుచ్చుకొనిరి. ఇతర చోట్ల పనివాండ్రు తిట్లు తినుచుండిరి, దెబ్బలు తినుచుండిరి. ఇచ్చట తన బోధకులనే మేస్త్రీలుగా నియమించిరి. ఆ బోధకులు పెక్కురు మాదిగపల్లెలలో పుట్టినవారే. పార పట్టినవాని కష్టము వారికొకరు చెప్పవలెనా?

కూలి యిచ్చు చేతినుండియే జ్ఞానస్నానమును కోరువారు వందలుగా వచ్చిరి. క్లౌగారు ఒప్పుకొనలేదు. గింజలకొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకూడదని, కరవుకాలములో పదునైదు నెలలు ఒక్కరికైనను ఈయలేదు. ఆకలిగొన్నవాని కృతజ్ఞతను సొంతము చేసికొనకుండుట చిన్న సంగతి కాదు. ఇక సహాయము లేదని తెలిసిన పిమ్మటనే జనము మరల వచ్చిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది జ్ఞానస్నానము పొందిరి. ఈ సంఖ్యనే అందరును చెప్పుదురు. నాకు ముఖ్యముగా తోచునది వేరు: ఆనాడు నీటిలో దిగి సంస్కారము జరిపినవారు ఆరుగురు దేశీయ బోధకులు, ఇద్దరు చొప్పున. దొరగారు దిగలేదు.

అంతకు పూర్వము 1866లోనే ఆయనకీ పరీక్ష కలిగినది. అగ్రవర్ణములవారు తమ పిల్లలను ఆయన బడికి పంపుచుండిరి. మాదిగవారిని చేర్చుకొన్నచో తాము రామనిరి. చేర్చుకొనిరి, వారు మానిరి.

ఆ మాదిగవారిలో మొదటివాడు యర్రగుంట్ల పేరయ్య. ఊరు తాళ్ళకొండపాడు, తోళ్ళ వ్యాపారి, యోగసాధన చేసినవాడు. వ్యాపారమునకై ఏలూరు పోయినపుడు అచ్చటి మిషనరీ వలన క్రీస్తును గూర్చి వినెను. పిమ్మట తన ఊరికి రమ్మని క్లౌగారిని పిలిచినవాడు ఆయనయే. 1867 జనవరిలో క్లౌగారు పోయి, అయిదు దినములు చెట్లనీడన గడిపిరి.