ద చేజర్ (2008 చిత్రం)

ద చేజర్ 2008 ఫిబ్రవరిలో విడుదలైన దక్షిణ కొరియా నేర చిత్రం. దర్శకుడు నా హోంగ్‌జిన్‌కు ఇదే తొలి పూర్తి నిడివి సినిమా. 2004లో సోల్‌లో పట్టుబడిన వరుస హంతకుడు యూ యంగ్‌చోల్ ఉదంతం దీనికి ఆధారం. కథ మాత్రం చాలావరకు కల్పితం.

పోలీసు ఉద్యోగం పోగొట్టుకుని వ్యభిచార దళారీగా మారిన జుంగ్‌హో (కిమ్ యున్‌సోక్) దగ్గర పనిచేసే అమ్మాయిలు ఒక్కొక్కరే మాయమవుతుంటారు. డబ్బు ఎగ్గొట్టి పారిపోయారనో, ఎవరో అమ్మేశారనో అనుకుంటాడు. అతనికి మొదట కలిగేది జాలి కాదు, నష్టం లెక్క.

హంతకుడెవరో చివరిదాకా దాచడం ఈ తరహా కథల రివాజు. ఇక్కడ అతను (హా జుంగ్‌వూ) తొలి భాగంలోనే దొరుకుతాడు, స్టేషన్లో నేరం తాపీగా ఒప్పుకుంటాడు కూడా. అయినా సాక్ష్యం లేదు. గడువులోగా దొరక్కపోతే వదిలేయాలి. అదే సమయంలో ఒక బాధితురాలు కొన ఊపిరితో ఉంది. ఉత్కంఠ ‘ఎవరు’ నుంచి ‘ఎక్కడ, ఎంతసేపు’ అన్న ప్రశ్నకు మారడమే ఈ సినిమా వేగానికి మూలం. సోల్‌లోని మాంగ్‌వోన్ ప్రాంతపు సందుల్లో రాత్రిపూట సాగే పరుగు ప్రసిద్ధం. హీరో అందులో ఆయాసపడతాడు, జారిపడతాడు. నగర మేయర్‌పై జరిగిన మలం దాడితో పరువు పోయిన పోలీసుల తడబాటు ఈ చీకటి కథలో చేదు హాస్యం.

కొరియాలో 50 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. అదే ఏడాది కాన్ చిత్రోత్సవంలో అర్ధరాత్రి విభాగంలో ప్రదర్శించారు. దర్శకుడి తర్వాతి చిత్రాలు ద యెల్లో సీ (2010), ద వెయిలింగ్ (2016).