రాజులా ఓడ – మన తెలుగువారి సముద్రయానము

మన అరకులోయ నుండి సముద్రము కనబడదు. అయినను 1960 దశకములో కొత్తవలస – కిరండూల్ రైలుమార్గము వచ్చినది మొదలు బైలదిల్లా ఇనుపరాయి మన గుమ్మము ముందుగానే విశాఖ రేవునకు దిగుచున్నది గనుక ఓడల సంగతి మనకు బొత్తిగా పరాయిది కాదు. అయితే మేమిక్కడ చెప్పబూనినది ఇనుము మోసిన ఓడను గూర్చి కాదు, మనుష్యులను మోసిన ఓడను గూర్చి.

దాని పేరు రాజులా. బ్రిటిష్ ఇండియా కంపెనీవారు 1926లో గ్లాస్గోలో కట్టించిరి. మద్రాసు, నాగపట్టణము, పినాంగు, పోర్ట్ స్వెటెన్‌హామ్, సింగపూరు – యుద్ధకాలము మినహా దాదాపు అర్ధశతాబ్దము దాని దారి ఇదే. గదులలో ప్రయాణించువారు కొద్దిమందియే. డెక్కు మీద మాత్రము 5,000 మందికి పైగా ఎక్కించుటకు దానికి అనుమతి యుండెను! మన కొండ గ్రామములు ఎన్ని కలిపిన అంతమంది అగుదురో లెక్కవేసికొనుడు.

విశాఖపట్టణము, గంజాము, గోదావరి సీమల నుండి మలయా రబ్బరు తోటలకు, కొబ్బరి తోటలకు కూలికి పోయిన తెలుగువారు అనేకులు. రైలులో మద్రాసు చేరి, ఆవడి డిపోలో పరీక్షలు ముగిసిన తరువాత ఓడ యెక్కెడివారు. పినాంగు చేరినంత మాత్రమున ఊరిలోనికి పోనిచ్చెడివారు కారు; జెరెజాక్ ద్వీపములో క్వారంటైను. 1938లో మన దేశ ప్రభుత్వము ఈ కూలివలసను నిలిపివేసెను. ఓడల చరిత్రలలో ఇంజనుల బలము, కప్తానుల పేర్లు వివరముగా నున్నవి. డెక్కు మీద చాపలు పరచుకొన్నవారి పేర్లు మాత్రము కానరావు. ఇది మాకు న్యాయముగా తోచదు.

రెండవ ప్రపంచ యుద్ధములో రాజులా సైనికులను మోసి క్షేమముగా తిరిగి వచ్చెను. దాని తోబుట్టువు రోహ్నాకు ఆ భాగ్యము లేకపోయెను. 1943 నవంబరు 26న అల్జీరియా తీరమున జర్మను బాంబు తగిలి మునిగెను. 1,015 మంది అమెరికా సైనికులతోపాటు నూరుమందికి పైగా ఓడ సిబ్బందియు మరణించిరి. ఆ సిబ్బందిలో పెక్కుమంది మన దేశస్థులే.

1973లో భారత షిప్పింగ్ కార్పొరేషన్ రాజులాను కొని, అండమానులోని ఒక ఊరి పేరున రంగత్ అని పిలిచెను. మరుసటి యేడే బొంబాయిలో దానిని విరుగగొట్టిరి. మద్రాసు – సింగపూరు దారి చిదంబరం ఓడకు వచ్చెను. అదియు ఫ్రెంచివారు పాశ్చర్ అను పేరున దక్షిణ అమెరికాకు నడిపినదే. 1985 ఫిబ్రవరిలో ఆ ఓడలో అగ్నిప్రమాదము జరిగి కొందరు ప్రాణములు కోల్పోయిరి. అంతటితో దానిని నడుపుట మానివేసిరి. ఆ తరువాత మలేషియాలోని బంధువులను చూడదలచినవారికి విమానమే దిక్కాయెను.