భూ వినియోగ వర్గీకరణ: ఒకే పొలానికి రెండు పేర్లు

నాందేడ్ జిల్లాలోని దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల తెలుగు కుటుంబాలకు సాత్‌బారా ఎంత పరిచితమో, సరిహద్దుకు ఆవలనున్న వారి బంధువులకు పహాణీ అంత పరిచితం. ఆ పత్రంలో పొలానికి రాసిన పేరు ఒకటి, ఉపగ్రహ చిత్రాలతో గీసిన పటంలో కనిపించే పేరు మరొకటి కావచ్చును.

నేలపై కంటికి కనిపించేది భూ ఆచ్ఛాదన. మనుషులు ఆ నేలను దేనికి వాడుకొంటున్నారన్నది భూ వినియోగం. గడ్డి మొలచిన నేల ఊరి గైరాన్ కావచ్చు, రైతు విత్తక వదిలిన చేను కావచ్చు. గడ్డిని చూసి ఆ భేదం చెప్పలేము.

దేశంలో 1949–50 వరకు భూమిని ఐదు వర్గాలుగానే లెక్కించేవారు. అవి మరీ స్థూలమైనవి కావడంతో రాష్ట్రాల లెక్కలను పోల్చడం కష్టమయ్యేది. కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రిత్వ శాఖ 1948లో నియమించిన సాంకేతిక సంఘం వాటిని తొమ్మిదికి పెంచి నిర్వచనాలు సూచించింది. అడవులు, వ్యవసాయేతర భూమి, సాగుకు పనికిరాని భూమి, శాశ్వత పచ్చిక బయళ్ళు, చెట్ల తోపులు, సాగుకు పనికివచ్చే బంజరు, రెండు రకాల బీళ్ళు, నికర సాగు భూమి అనేవి ఆ తొమ్మిది. సోయా కోసి అదే చేనులో శనగ వేసినా నికర సాగులో ఒక్కసారే లెక్క.

వలస కుటుంబాలు గమనించవలసినది బీడు లెక్క. ఈ ఏడు మాత్రమే విత్తనిది ప్రస్తుత బీడు. ఏడాది దాటి ఐదేండ్లకు లోబడినది ఇతర బీడు. ఐదేండ్లు, ఆపైన సాగు లేనిచో అది బంజరు పద్దులో చేరుతుంది. ఇది గణాంకమే గాని, దీనివలన పట్టా హక్కు పోదు. సాత్‌బారాలో హక్కును చూపేది ఏడవ నమూనా, పంటను చూపేది పన్నెండవది. 2021 ఆగస్టు 15 నుండి ఈ-పీక్ పాహణీ ద్వారా రైతే తన పంటను ఫోన్‌లో నమోదు చేసుకొనే ఏర్పాటు మహారాష్ట్ర అంతటా వచ్చింది.

ఉపగ్రహ పటాల పని హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థది. 1988–89 నాటి చిత్రాలతో తొలి దేశవ్యాప్త పటాన్ని, 2005–06 నాటి మూడు కార్ల చిత్రాలతో మరింత వివరమైన పటాన్ని అది సిద్ధం చేసింది. మూడు కార్లు ఎందుకంటే, వానాకాలంలో ఖాళీగా ఉన్న నల్లరేగడిలో యాసంగి జొన్న పచ్చగా ఉండవచ్చు. ధర్మాబాద్ వద్ద బాభళీ బ్యారేజీ గేట్లు 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు తెరచి ఉంచాలి. అక్కడి నీటి విస్తీర్ణం కూడా చిత్రం తీసిన తేదీని బట్టి మారుతుంది.

పోట్‌ఖరాబ్ విషయంలో తేడా మరింత స్పష్టం. రాళ్ళు ఏరి, చదును చేసి పంట తీస్తున్న ముక్క పటంలో సాగు భూమి. పత్రంలో ఇంకా ఖరాబే. ‘అ’ వర్గపు పోట్‌ఖరాబ్‌ను సాగు భూమిగా మార్చి రాయించుకొనే వీలు మహారాష్ట్రలో 2018లో వచ్చింది. బాటలు, వాగులు వంటి ప్రజావసరాలకు ఉంచిన ‘బ’ వర్గానికి ఆ వీలు లేదు.